క్రాఫ్ట్స్‌మన్ కిట్లు: మూత మీది ఫోటో సరే, లోపలి డ్రాయింగు చూశారా?

బొమ్మ రైలు పట్టాల పక్కన పెట్టే భవనాన్ని ముక్క ముక్కగా మనమే కట్టుకునే పెట్టె క్రాఫ్ట్స్‌మన్ కిట్. హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలులో 87వ వంతు సైజులో, అలాంటి పెట్టె మొదటిసారి తెరిచినవాళ్లు కాస్త నీరుగారిపోవడం మామూలే. మూత మీద తుప్పు రేకుల కప్పు, పెచ్చులూడిన గోడలు, గుమ్మం పక్కన పీపాలు, మెట్ల మీద పిల్లి. లోపల మాత్రం గీతలు పడిన నాలుగైదు చెక్క పలకలు, రబ్బరు బ్యాండు చుట్టిన పుల్లల కట్ట, చిన్న సంచుల్లో బూడిదరంగు లోహపు ముక్కలు, మడతలు పెట్టిన ఒక పెద్ద కాగితం. ప్లాస్టిక్ కిట్‌లా చట్రంలోంచి ముక్కలు కత్తిరించి అంటిస్తే సాయంత్రానికి ఇల్లు లేచి నిలబడదు. గోడ కోయడం, దన్ను పెట్టడం, రంగు పట్టించడం, కప్పు నేయడం అన్నీ కొన్నవాడి పనే.

మరి డబ్బు దేనికి పోస్తున్నట్టు? చెక్కకి మాత్రం కాదు. బాస్‌వుడ్ పలకలు, పుల్లలు నార్త్‌ఈస్టర్న్, మౌంట్ ఆల్బర్ట్ లాంటి పేర్లతో విడిగా దొరుకుతాయి. కిటికీలు గ్రాంట్ లైన్ అచ్చుల నుంచో టీచీ నుంచో తెచ్చుకోవచ్చు. బయట దొరకనివి రెండే: మోడల్ సైజులోనే గీసిన టెంప్లేట్ (కోతకి నమూనా) కాగితం, ఆ భవనానికే అచ్చు పోసిన ముక్కలు, అంటే కాస్టింగులు. ఈ రెండూ బాగుంటే పలక వంగి వచ్చినా కిట్ మంచిదే. ఇవి బాగోకపోతే మూత మీద ఎంత అందమైన ఫోటో ఉన్నా వదిలేయవచ్చు. న్యూజెర్సీ బేస్‌మెంట్లో లేఅవుట్ (పట్టాలు, భవనాలతో బొమ్మ రైలు ఊరు) కట్టుకుంటున్నవాళ్లకైనా, బంధువుల సూట్‌కేసులో పెట్టించి హైదరాబాద్‌కో విశాఖకో తెప్పించుకునేవాళ్లకైనా కొలబద్ద ఇదే. కింద పోల్చినవన్నీ ఆ కొలబద్దతోనే.

మూడు రకాల పెట్టెలు

మొదటిది పాత కాలిఫోర్నియా పద్ధతి. దానికి పేరు మోసింది క్యాంప్‌బెల్. గోడలు మీరే టెంప్లేట్ చూసి కోసుకోవాలి. ఆ కంపెనీ సరుకులో రెండింటికి ఇప్పటికీ సాటి తక్కువ. ఒకటి చుట్టగా వచ్చే కాగితపు షింగిల్స్ (కప్పు మీద వరసలుగా పరిచే చిన్న పలకలు), రెండోది ముడతల అల్యూమినియం రేకు. కిట్ కొనకపోయినా ఈ రెండూ తెప్పించుకుని సొరుగులో పెట్టుకోదగ్గవి. ఈ తరహా పెట్టెల్లో డ్రాయింగులు బాగుంటాయి గానీ రాసిన సూచనలు పొదుపు. "కప్పు బిగించండి" అన్న ఒక్క వాక్యం వెనక రెండు సాయంత్రాల పని దాక్కుని ఉంటుంది.

రెండోది న్యూ ఇంగ్లండ్ బాణీ. మసాచుసెట్స్‌లోని పీబడీలో జార్జ్ సెలియోస్ 1967లో మొదలుపెట్టిన ఫైన్ స్కేల్ మినియేచర్స్ దీనికి మూలం. ఆయన ఫ్రాంక్లిన్ అండ్ సౌత్ మాంచెస్టర్ లేఅవుట్ ఫోటోలు చూడని మోడలర్ ఉండడు. కిక్కిరిసిన వీధులు, చెత్త, గోడల మీద వెలిసిన ప్రకటనలు. ఈ పెట్టెల్లో చెక్కతోపాటు రాతి గోడలకి ప్లాస్టర్ అచ్చులు, గుప్పెళ్ల కొద్దీ మెత్తలోహపు వివరాలు, ఫోటోలతో నిండిన సూచనల పుస్తకం ఉంటాయి. పరిమిత సంఖ్యలో వచ్చినవి కాబట్టి ఇప్పుడు పాత సరుకు మార్కెట్లోనే వెతుక్కోవాలి. సీలు తీయని పెట్టెకి సేకరణ విలువ కలిసిపోయి ధర కొండెక్కి కూర్చుంటుంది. కట్టడానికి కొంటున్నవాళ్లు సీలు తీసిన పెట్టె, భాగాల జాబితాతో సరిచూసినది, తక్కువకి అడగడం తెలివి. ప్లాస్టర్ గోడలే ప్రధానంగా కావాలంటే సౌత్ రివర్ మోడల్‌వర్క్స్ అదే దారిలో నడిచింది.

మూడోది లేజర్. అమెరికన్ మోడల్ బిల్డర్స్, బాంటా, బార్ మిల్స్ లాంటివాళ్లు. కిటికీ కంతలు ముందే తెగి వస్తాయి, గోడ మూలలు నాలుకా గాడీ పద్ధతిలో కూర్చుంటాయి, కిటికీ చట్రాల వెనక చాలావాటిలో జిగురు కాగితం ఉంటుంది. మొదటి కిట్‌గా కొనేవాళ్లకి మా ఓటు దీనికే. సొంతంగా మార్పులు చేసుకోవాలనుకునేవాళ్లకి మాత్రం ఇదే అన్నిటికన్నా మొండి సరుకు. ఎందుకో కింద వస్తుంది.

కట్టే ముందు చూసుకోవలసినవి

పెట్టె రాగానే కవర్లు విప్పి, పలకలు గదిలో ఒకటి రెండు రోజులు గాలి తగిలేలా పడుకోబెట్టండి. పొడి ఊరి నుంచి వచ్చిన బాస్‌వుడ్ విశాఖ గాలిలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. ఉబ్బకముందు కొలిచి కోసిన గోడ తరవాత మూలలో కలవదు. ఏసీ గదిలో అంటించి బయట హాల్లో పెట్టే అలవాటు ఉన్నవాళ్లు దీన్ని ముఖ్యంగా గుర్తుంచుకోవాలి.

తరవాత పుల్లలు. కట్టల మీద చాలాసార్లు చీటీ ఉండదు. వెర్నియర్ కాలిపర్‌తో వేరు చేసుకోవాలి. హెచ్‌ఓలో ఒక అడుగు 3.5 మి.మీ., ఒక అంగుళం 0.29 మి.మీ. కాబట్టి 6×6 అంగుళాల స్తంభం 1.75 మి.మీ., 12×12 దూలం 3.5 మి.మీ., ప్లాట్‌ఫారం మీద వేసే 2×10 చెక్క సుమారు 0.6 మి.మీ. మందం, 2.9 మి.మీ. వెడల్పు. తిరకాసు ఎక్కడంటే, కొన్ని కిట్లు స్కేలు సైజు పుల్లలు కాకుండా మామూలు అంగుళం భిన్నాల పుల్లలు పెడతాయి. అంగుళంలో పదహారో వంతు, అంటే 1.6 మి.మీ., 6×6 బదులు చెల్లిపోతుంది. కానీ రెండు రకాలూ ఒకే దూలం కింద కలిపితే ప్లాట్‌ఫారం కుంటుతుంది.

గీతల పలకల మీద గీతల దూరం కూడా చూడండి. అంగుళంలో పదహారో వంతు ఎడం ఉంటే హెచ్‌ఓలో అది సుమారు ఐదున్నర అంగుళాల పలక, చూడటానికి సహజంగా ఉంటుంది. క్లాప్‌బోర్డ్ (ఒకదాని మీద ఒకటి ఎక్కేలా అడ్డంగా కొట్టిన పలకల గోడ) ముప్పయ్ రెండో వంతు ఎడంతో వస్తే 2.75 అంగుళాల లోపు. పెద్ద గోదాముకి అది బొమ్మరిల్లు పోకడ. చిన్న ఇంటికైతే ఫరవాలేదు.

లేజర్ పలకలోంచి ముక్కలు విరవకండి. పట్టి ఉంచిన చిన్న చెక్క వంతెనల్ని బ్లేడుతో తెంపాలి. విరిస్తే నార చీలి గోడ ముఖం మీదికి వస్తుంది.

గోడలు: వంకర ఎందుకు పోతాయి

ఈ కిట్లలో చాలా ఫిర్యాదులు వంకర గోడ గురించే. కారణం మాత్రం ఒకటే: తడి ఒక పక్కే తగలడం. పలక ముందువైపు నీళ్ల రంగు వేయగానే ఆ వైపు నార ఉబ్బుతుంది, వెనకవైపు అలాగే ఉంటుంది, పలక దోసెలా లేస్తుంది. ఆరాక కొంత దిగుతుంది గానీ పూర్తిగా దిగదు.

మందు మూడు భాగాలు. ఒకటి, దన్ను. 3 నుంచి 4 మి.మీ. చదరం పుల్లలు గోడ వెనక అంటించాలి, అదీ నారకి అడ్డంగా. నిలువు పలకల గోడకి నార నిలువుగా పోతుంది కాబట్టి దన్ను అడ్డంగా పెట్టాలి. క్లాప్‌బోర్డ్‌కి నార అడ్డం కాబట్టి దన్ను నిలువు. చాలామంది అందంగా ఉంటుందని నాలుగు అంచుల వెంట ఫోటో ఫ్రేములా పెడతారు. నార వెంట పెట్టిన రెండు పుల్లలూ అక్కడ చేసే పని దాదాపు సున్నా. మూల దగ్గర దన్ను అంచుదాకా తేకండి. పక్క గోడ మందం, దాని దన్ను మందం వదిలి ఆపాలి, లేకపోతే గోడలు కలిసేచోట ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

రెండు, రెండు పక్కలా రంగు. వెనక వేసేది ఏ రంగైనా సరే. లోపల దీపం పెట్టే ఉద్దేశం ఉంటే నలుపు వేయండి. అంగుళంలో ముప్పయ్ రెండో వంతు మందం చెక్కలోంచి ఎల్‌ఈడీ వెలుతురు లాంతరు కాగితంలోంచి వచ్చినట్టే బయటికి వస్తుంది. గోడలు నిలబెట్టాక లోపల నలుపు వేయడం నరకం.

మూడు, బరువు. రంగు తడి ఆరేలోగా మైనపు కాగితాల మధ్య పెట్టి పైన అద్దం, దాని మీద పుస్తకాలు.

ఇక ఆల్కహాల్, ఇండియా ఇంక్ కలిపిన పల్చని మరక ద్రవం. చెక్క వయసు చూపించడానికి దీన్ని మించింది లేదు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అర లీటరుకి ఒకటి నుంచి రెండు టీస్పూన్లు ఇంకు. మెడికల్ షాపులో దొరికే 100 మి.లీ. సీసాకైతే ఒకటి, మహా అయితే రెండు మి.లీ. ఎక్కువ పోస్తే బూడిదరంగు కాదు, బొగ్గు అవుతుంది. ఒక పూత చాలకపోతే ఆరనిచ్చి రెండోది వేసుకోండి. వర్ణకం అడుక్కి దిగిపోతుంది కాబట్టి ముంచే ప్రతిసారీ సీసా కుదపాలి. 99 శాతం ఆల్కహాల్ వాడితే కొన్ని ఇంకులు పెరుగులా విరిగిపోతాయి, అందుకే 70 శాతమే నయం. ఆల్కహాల్ నీళ్లకంటే తక్కువ వంచుతుంది గానీ అసలు వంచదని మాత్రం నమ్మకండి.

క్రమం ముఖ్యం. పుల్లలకి మరక ముందు పట్టించి తరవాత అంటించాలి. జిగురు తగిలినచోట మరక ఎక్కదు, తెల్లమచ్చలా మిగిలిపోతుంది. గోడ పలకకి మాత్రం వెనక దన్ను ముందు, ముందువైపు రంగు తరవాత. ఈ రెండిటినీ తారుమారు చేసిన మోడల్ దగ్గర్నుంచి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

క్యాంప్‌బెల్ తరహాలో కిటికీ కంత మీరే కోస్తుంటే, నారకి అడ్డంగా ఉండే రెండు కోతలు ముందు. బ్లేడు ఒత్తకుండా ఐదారుసార్లు లాగండి. తరవాత నార వెంట కోతలు, అవి కూడా మూల నుంచి మధ్యకి. నార వెంట ముందు కోస్తే చీలిక మూల దాటి పరుగెడుతుంది. దాన్ని ఏ పుట్టీ దాచలేదు.

లేజర్ గోడలకి వేరే జబ్బులు. కాలిన అంచు గోధుమరంగు గీతలా కిటికీ చుట్టూ కనిపిస్తుంది. లేత రంగు వేసే గోడైతే నెయిల్ ఫైల్‌తో పలచగా గీకాలి. నాలుకల మీద, గాడీల్లో రంగు పడనీయకండి. ఆ కాస్త మందానికి, తడికి ఉబ్బిన చెక్కకి బిగుసుకుపోయి ఎక్కవు, బలవంతం చేస్తే మూల పగులుతుంది. జిగురు కాగితం కిటికీలు రంగు వేశాకే తొక్క తీయాలి. అవి వచ్చినప్పుడు గట్టిగానే పట్టుకుంటాయి, రెండు వేసవులు గడిచాక మూలలు లేస్తాయి. వెనక నుంచి టూత్‌పిక్‌తో నాలుగు చోట్ల తెల్ల జిగురు చుక్క పెడితే ఆ బెడద ఉండదు.

కిటికీ అద్దానికి ఫెవిక్విక్ వద్దు. దాని ఆవిరి స్పష్టమైన ప్లాస్టిక్ మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. తుడిస్తే గీతలు. కానపీ జిగురు (ఆరితే పారదర్శకంగా ఉండేది) గానీ, తెల్ల జిగురు గానీ సన్నగా చట్రానికి రాసి అద్దం ఆనించాలి.

కాస్టింగులు

ప్లాస్టర్ గోడల అంచుల్లో అచ్చు పొర మిగిలి ఉంటుంది. అద్దం మీద శాండ్ పేపర్ పరిచి, గోడనే దాని మీద గుండ్రంగా రుద్దితే అంచు సమం అవుతుంది. మూలలు 45 డిగ్రీలకి వాలుగా అరగదీసి కలిపితే రాళ్ల వరస మూల తిరిగినట్టు ఉంటుంది. నేరుగా ఆనిస్తే గోడ మందం గీతలా పడుతుంది, ఆ గీత మీద రాళ్లు గీకి చెక్కాల్సి వస్తుంది. గోడ రవాణాలో విరిగితే కంగారు పడకండి. తెల్ల జిగురుతో అంటించి ఆ పగులునే గోడ వయసుగా చూపించుకోవచ్చు. చిక్కటి రంగు ప్లాస్టర్‌కి శత్రువు. పల్చటి పూతలు వేయండి, ప్లాస్టర్ పీల్చుకున్నకొద్దీ రాయి తనంతట తనే తేలుతుంది.

లోహపు ముక్కలకి అచ్చు గీత ఆకురాయితో తీసి, వెనిగర్‌లో కొన్ని నిమిషాలు నానబెట్టి, సబ్బు నీళ్లతో కడిగి ప్రైమర్ వేయాలి. కడగని ముక్క మీద రంగు గోటితో ఊడొస్తుంది. పాత కిట్ల మెత్తలోహంలో సీసం ఉంటుంది, రుద్దాక చేతులు కడుక్కోకుండా టీ కప్పు పట్టుకోకండి. రెజిన్ ముక్కలకి వెనిగర్ అక్కర్లేదు, గిన్నెలు తోమే సబ్బు చాలు.

కప్పు

కిట్‌లో మిగతా అంతా ఒక ఎత్తు, కప్పు ఒక ఎత్తు. లేఅవుట్ మీద మనం భవనాన్ని చూసేది పై నుంచే కదా.

షింగిల్స్ చూరు దగ్గర మొదలుపెట్టి పైకి పోవాలి. కప్పు కాగితం మీద ముందే పెన్సిల్ గీతలు గీసుకోండి, వరసకి ఒకటిన్నర మి.మీ. లెక్కన. ప్రతి వరసకీ అక్కర్లేదు, మూడు వరసలకొకటి చాలు. గీత లేకపోతే నడికొప్పు చేరేసరికి ఒక పక్క వరస ఎక్కువ, ఒక పక్క తక్కువ. క్యాంప్‌బెల్ షింగిల్స్ వెనక తడిస్తే అంటే జిగురు ఉంటుంది. నాలుకతో కాదు, తడి స్పాంజితో, అదీ తేమగా మాత్రమే. తడి ఎక్కువైతే కాగితం చుట్టుకుంటుంది. ఏళ్ల తరబడి షాపులో ఉన్న చుట్టలకి ఆ జిగురు పని చేయకపోవచ్చు, దాన్ని నమ్మకుండా పల్చటి తెల్ల జిగురు కూడా రాయడం క్షేమం. లేదంటే పైన నీళ్ల రంగు వాష్ వేసినరోజే వరసలు లేచి నిలబడతాయి. అక్కడక్కడ ఒక్కో షింగిల్ విరిచి జరపండి. మరీ ఎక్కువ వద్దు. కప్పంతా చిల్లులున్న ఇంట్లో ఎవరూ వ్యాపారం చేయరు.

ముడతల రేకు విషయంలో చాలామంది చేసే తప్పు కప్పు మొత్తానికి ఒకే ముక్క వేయడం. నిజమైన రేకు 26 అంగుళాల వెడల్పు, 8, 10, 12 అడుగుల పొడవుల్లో వచ్చేది. హెచ్‌ఓలో 7.6 మి.మీ. వెడల్పు, 8 అడుగులది 28 మి.మీ. పొడవు. అలా ముక్కలు చేసి ఒక ముడత మీద ఒక ముడత ఎక్కేలా, కింది వరస మీద పై వరస వచ్చేలా పరచాలి. కోసేటప్పుడు ముడతలు అణగకుండా కొత్త బ్లేడు వాడండి. అంటించడానికి డబుల్ టేప్ గానీ రబ్బరు జిగురు గానీ. ఫెవిక్విక్ పెళుసు, వేడికీ చలికీ రేకు సాగి కుంచించుకుపోతే అది వదిలేస్తుంది.

తుప్పుకి రెండు దారులు. మొదటిది సర్క్యూట్ బోర్డుల ఎచ్చింగ్‌కి అమ్మే ఫెరిక్ క్లోరైడ్ ద్రావణం. హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో పొడిగా దొరుకుతుంది. అల్యూమినియం ముక్క వేయగానే బుడగలు, వేడి, పొగ వస్తాయి. క్షణాలు లెక్కపెట్టి ప్లాస్టిక్ పట్టకారుతో తీయాలి, ఏమరిస్తే గిన్నెలో రేకు ఉండదు. ఒక్కోసారి నాలుగైదు ముక్కలకి మించి వేయకండి, వేడి ఒక్కసారిగా పెరుగుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు, ఆరుబయట. తీసిన ముక్కల్ని వంట సోడా కలిపిన నీళ్లలో ముంచాలి. ఫలితం మాత్రం అద్భుతం, అంచులు నిజంగానే తిని ఉంటాయి. పిల్లలున్న ఇంట్లో రెండో దారే మేలు. బూడిదరంగు ప్రైమర్ వేసి, ఎరుపు, గోధుమ, నారింజ పొడి పాస్టెల్ సుద్దలు గీకి కుంచెతో అద్దడం. ముక్కకో ఛాయ ఇవ్వండి. పక్కపక్క రేకులు ఒకే రోజు తుప్పు పట్టవు.

ఆఖర్న మ్యాట్ వార్నిష్ వేసేవాళ్లకి ఒక హెచ్చరిక. డల్‌కోట్ అనే మ్యాట్ వార్నిష్ మీద ఆల్కహాల్ ద్రవం తగిలితే తెల్లగా పొంగుతుంది. కొందరు దాన్ని కావాలనే వెలిసిన రంగు కోసం వాడతారు. ఎండిపోయిన పలక మీద బాగుంటుంది, కొత్తగా మెరిసే సైన్‌బోర్డు మీద కాదు.

సైన్‌బోర్డుల సంగతి. కిట్‌లో వచ్చే ముద్రిత కాగితాన్ని వెనకవైపు నుంచి సన్నటి శాండ్ పేపర్‌తో రుద్ది ఉల్లిపొరలా చేయాలి. పల్చటి తెల్ల జిగురు రాసి, గోడ మీద పెట్టి, పలకల గీతల్లోకి గోటితో నొక్కాలి. గోడ మీద రంగుతో రాసినట్టే ఉంటుంది. ఇంక్‌జెట్‌లో సొంతంగా ముద్రించుకున్నది మాత్రం జిగురు తేమకే కారిపోతుంది, లేజర్ ప్రింట్ తీయించుకోండి.

పాత పెట్టెల సూచనల్లో రంగుల పేర్లు ఎక్కువగా ఫ్లోక్విల్ కంపెనీవి ఉంటాయి. ఆ వరస 2013లో ఆగిపోయింది. పేరు పట్టుకుని వెతక్కుండా మూత మీది ఫోటో చూసి దగ్గరి యాక్రిలిక్ కలుపుకోవడమే.

మార్పులు: ఏ కిట్ లొంగుతుంది

ఇక్కడ పాత పద్ధతే గెలుస్తుంది. టెంప్లేట్ కాగితాన్ని నూటికి నూరు శాతం జిరాక్స్ తీయించి, అట్ట ముక్కల మీద అంటించి, కోసి, టేపుతో ఇల్లు నిలబెట్టండి. దాన్ని లేఅవుట్ మీద పెట్టి చూడండి. మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన బండిని పక్క ట్రాక్ మీద నడపండి. వంపు దగ్గర మధ్యభాగం లోపలికి, చివరలు బయటికి వాలతాయి, ప్లాట్‌ఫారం అంచు అక్కడే దొరికిపోతుంది. బాక్స్‌కారు నేల పట్టా పై నుంచి సుమారు 13, 14 మి.మీ. ఎత్తు. కిట్ ప్లాట్‌ఫారం దానికి సరిపోకపోతే పునాది ఎత్తు ఇప్పుడే సరిచేసుకోవాలి, జిగురు ఆరాక కాదు. ట్రాక్ 2 శాతం వాలులో ఉంటే 300 మి.మీ. భవనం కింద 6 మి.మీ. తేడా వస్తుంది. భవనం మట్టంగానే ఉంటుంది, బండి మాత్రం ఒక చివర కుంగినట్టు ఆగుతుంది. అలాంటి చోట సరుకు దించే గోదాము పెట్టకండి. నిజం రైల్వే కూడా పెట్టదు.

ఎడమ కుడి తిప్పడం అన్నిటికన్నా ఎక్కువ అడిగే మార్పు. క్యాంప్‌బెల్ తరహాలో టెంప్లేట్‌ని తిరగేసి కిటికీ అద్దానికి ఆనించి గీసుకుంటే సరి, పలక ఇంకా కోయలేదు కదా. లేజర్ కిట్‌లో గీతలు ఒక ముఖం మీదే ఉంటాయి, గోడ తిప్పితే బోడి చెక్క బయటికి వస్తుంది. కొత్త పలక తెచ్చి, తిప్పిన గోడని అచ్చుగా పెట్టి కోసుకోవడం ఒక్కటే దారి. అప్పుడు లేజర్‌కి పెట్టిన డబ్బు సగం దండగ. రెండు చివర్లా త్రికోణపు గోడలు ఒకేలా ఉంటే వాటిని మాత్రం అటిటు మార్చుకోవచ్చు.

పొడవు తగ్గించాలంటే నిలువు పలకల గోడని గీత మీదే కోసి గీత మీదే కలపండి, అతుకు కనిపించదు. క్లాప్‌బోర్డ్‌లో ఎక్కడ కోసినా కనిపిస్తుంది. అక్కడ ఒక నిలువు పట్టీనో వాన గొట్టమో వచ్చేలా ముందే చూసుకోండి. లేజర్‌లో నాలుకలు ఉన్న అంచు కోయకుండా మధ్యలో తీసేయాలి.

ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికా మోడల్ రైల్వే సంఘం) మాస్టర్ బిల్డర్ సర్టిఫికెట్ కోసం 12 నిర్మాణాలు కట్టేవాళ్లకి ఒక మాట. అందులో ఆరు పూర్తిగా సొంతంగా కట్టినవై ఉండాలి. మిగతావి కిట్లయినా ఊరికే పెట్టెలోది కట్టి పెడితే చాలదు, అదనపు వివరాలతో ముదిరిన పని కావాలి. పైన చెప్పిన మార్పులు ఆ లెక్కలోకి వస్తాయి, చేసేటప్పుడే ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఓఓ స్కేలులో (1:76, హెచ్‌ఓ కంటే కాస్త పెద్దది) బండ్లు నడిపేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. హెచ్‌ఓ టెంప్లేట్‌ని 114 శాతానికి పెంచి జిరాక్స్ తీస్తే 1:76కి సరిపోతుంది. గోడలు ఇలా లొంగుతాయి, కాస్టింగులు లొంగవు. హెచ్‌ఓలో 6 అడుగుల 8 అంగుళాల తలుపు 23.3 మి.మీ.; ఓఓ బొమ్మ మనిషి పక్కన అది 5 అడుగుల 10 అంగుళాలే. పొడుగాటి గార్డు తల వంచుకుని లోపలికి పోవాలి. తలుపులు పుల్లలతో కొత్తగా చేసుకోండి. లేదంటే భవనాన్ని పెంచకుండా అలాగే వెనక గోడకి ఆనించి దూరపు దృశ్యంగా పెట్టేయండి, చిన్నగా కనిపించడం అక్కడ లాభమే.

అమెరికన్ క్లాప్‌బోర్డ్ డిపోని తెలుగు ఊరి స్టేషన్‌గా మార్చాలన్న ఆశ మాత్రం మానుకోండి. ఇటుక, రాయి, పెంకుటి కప్పు ఉన్న మన స్టేషన్‌కి ఆ చెక్క గోడ ఏ రంగు వేసినా కుదరదు. రేకుల గోదాము కిట్ అయితే వేరు. ముడతల రేకు గోడలు, రేకు కప్పు, రెండు పెద్ద జరుపుడు తలుపులు, పక్కన ప్లాట్‌ఫారం. మెట్లూ చెక్క ప్లాట్‌ఫారమూ తీసేసి రాతి గట్టు కడితే మన గూడ్స్ షెడ్డుకి చాలా దగ్గరికి వస్తుంది. ఆ గట్టుకే కావాల్సింది ప్లాస్టర్ అచ్చు రాళ్లు, రెండో రకం పెట్టెల్లో మిగిలినవి ఇక్కడ పనికొస్తాయి.

ఇక్కడ దొరికేవి, దొరకనివి

స్ప్రే డబ్బాలు, మండే ద్రావకాలు విమానంలో రావు, కాబట్టి డల్‌కోట్ సూట్‌కేసులో పెట్టమని ఎవర్నీ అడగకండి. ఆర్ట్ షాపులో మ్యాట్ వార్నిష్ స్ప్రే చాలు, ముందు చెక్క ముక్క మీద చూసుకుని వాడండి. చెక్కకి ఫెవికాల్ ఎస్‌హెచ్, కాగితానికి ఎంఆర్. లోహపు ముక్కకి అరల్డైట్. ఇండియా ఇంకు బదులు క్యామెల్ నీటికి చెరగని నల్ల డ్రాయింగ్ ఇంకు సరిపోతుంది. చాపర్ పనిముట్టు లేకపోతే కటింగ్ మ్యాట్ మీద ఒక స్టీలు స్కేలు, దానికి అడ్డంగా టేపు వేసిన చెక్క దిమ్మ. యాభై ప్లాట్‌ఫారం చెక్కలు ఒకే పొడవుకి గడ్డం బ్లేడుతో పడతాయి. గోడలు కలిపేటప్పుడు ఇనుప మూలమట్టం ఉన్నా లేకపోయినా ఒకే సైజు పాత సీడీ పెట్టెలు రెండు మూలకి ఆనిస్తే 90 డిగ్రీలు తప్పవు. మేకుల గుర్తులకి దర్జీ ట్రేసింగ్ వీల్ వాడకండి, దాని పళ్ల ఎడం హెచ్‌ఓకి సరిపోదు. పెన్సిల్ చివర గుచ్చిన సూదితో 5 నుంచి 7 మి.మీ.కి ఒక జత, రెండు వరసలు వేశాక ఆపి చూడండి. ఎక్కువయిందనిపిస్తే ఎక్కువయినట్టే.